గ్రిసమ్ వాళ్ళ నేలమాళిగ

ఒలీటా గ్రిసమ్ నోటికి భయపడని మనిషి ఆ మట్టిరోడ్డు మీద లేడు. పాస్టరుగారు ప్రసంగం కాస్త సాగదీస్తే చాలు, మూడో వరసలోంచి ఆవిడ దగ్గు వినిపించేది. ఆయన గబగబా ముగింపు ప్రార్థనలోకి దిగిపోయేవాడు. దుంపల షెడ్డులో ఏరుడు పని చేసే రోజుల్లో, కొత్తగా వచ్చిన మేస్త్రీ ఒకడు ఆవిడ ఏరిన పెట్టెను రెండోసారి తిరగేసి చూశాడట. "నా కళ్ళ మీద నమ్మకం లేకపోతే నీ కళ్ళు ఇక్కడ పెట్టి నువ్వు ఇంటికి పో" అందట. ఇక వాడు ఉద్యోగం మానేసేదాకా ఆవిడ పెట్టెల జోలికి పోలేదు.

అలాగని మనిషి చెడ్డది కాదు. పెళ్ళయినదైనా, అక్కడి మర్యాద ప్రకారం చిన్నవాళ్ళందరికీ ఆవిడ 'మిస్ ఒలీటా'. ఆ రోడ్డు మీద ఎవరికి జ్వరమొచ్చినా ముందు చేరేది ఒలీటా కోడి పులుసే. గిన్నెతో పాటు నాలుగు చీవాట్లు కూడా వచ్చేవి, రెండూ మింగాల్సిందే.

చీవాట్లలో పెద్ద వాటా మొగుడు డెల్మర్‌ది. పంతొమ్మిదేళ్ళ పిల్లగా నది అవతలి కౌలు ఇంటి నుంచి ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ అంటూనే ఉంది, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. "మా ఇంట్లో రేడియోకి ఆపే మీట పెట్టడం మర్చిపోయారు" అనేవాడు ఎవరైనా జాలిపడితే. వాళ్ళకు ఒక్క బిడ్డ పుట్టి, వారం తిరక్కుండానే పోయింది. ఆ తర్వాత కలగలేదు. ఆ దుఃఖం గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకునేవారు కాదు. ఒలీటా మరికాస్త ఎక్కువ తిట్టింది, డెల్మర్ మరికాస్త ఎక్కువ నవ్వాడు. నలభై చిల్లర ఏళ్ళు అలా గడిచిపోయాయి.

ఉత్తర మిసిసిపీలో ఆ పల్లె చుట్టుపక్కలంతా చిలగడదుంపల నేల. గ్రిసమ్ వాళ్ళ పెరట్లో ఒక నేలమాళిగ ఉంది. డెల్మర్ తండ్రి కాలంలో సుడిగాలి వచ్చి పాత ఇంటిని ఎత్తుకుపోతే, ఆయన పట్టుబట్టి తవ్వించాడు. మట్టిదిబ్బ కింద సిమెంటు గది, దిగడానికి మెట్లు, పైన ఏటవాలుగా ఇనప తలుపు. ఆ రోడ్డు మీద ఇంకెవరికీ అలాంటిది లేదు. అందుకని అది గ్రిసమ్ వాళ్ళ పెరట్లో ఉన్నా, రోడ్డు మొత్తానిదీ.

ఏటా గుడ్ ఫ్రైడే నాడు దాన్ని ఊడ్చేవారు. సుడిగాలుల కాలానికి వాళ్ళ లెక్కలో అదే ముహూర్తం. డెల్మర్ చీపురు పుచ్చుకుని ముందు పాముల్ని చూసేవాడు, తర్వాత సాలెగూళ్ళు దులిపేవాడు. ఒక్కో ఇంటివాళ్ళు మడత కుర్చీలు తెచ్చి, ఎవరి చోట వాళ్ళు వేసుకునేవారు. వెనక పేర్లు కూడా రాసి ఉండేవి. శరత్కాలం దాకా ఆ కుర్చీలు అక్కడే. ఆ సాయంత్రం పెరట్లో వేయించిన చేపలు, మొక్కజొన్న రొట్టె, తియ్యటి ఐస్ టీ. పిల్లలు మెట్ల మీద ఎక్కుతూ దిగుతూ ఆడుకునేవారు. ప్రాణం కాపాడుకునే గోతిని అంత సంబరంగా ఊడ్చుకునే జనాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

మరి చలికాలమంతా? చలికాలమంతా అందులో విత్తనం దుంపలు. ఎండకు మగ్గబెట్టి, చెక్కపెట్టెల్లో పేర్చి, పైకప్పు దాకా నింపేవారు. మార్చి చివర్లో నారుమడి వేసేటప్పుడు గానీ బయటికి తీసేవారు కాదు. సుడిగాలి అనేది వసంతంలో డాగ్‌వుడ్ చెట్లు పూశాక వచ్చే వ్యవహారమని తాతల నాటి నమ్మకం. ఫిబ్రవరిలో దుంపలుండే చోట మనుషులు కూర్చోవాల్సి వస్తుందని ఎవరికి తోస్తుంది?

పోయినేడు ఫిబ్రవరిలో వచ్చింది.

పొద్దున్నుంచీ మే నెలలా ఉక్కపోత. మధ్యాహ్నం దాటాక ఆకాశం పడమటి వైపు ఆకుపచ్చగా మారింది. ఊళ్ళో సైరన్ మోగేసరికి గాలి అప్పటికే తిరుగుతోంది. ఎదురింటి ఎర్లీన్ కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. ఆవిడ ఒలీటా ఈడుది, విధవరాలు, నోటి దురుసులో ఒలీటాకు సమఉజ్జీ. రోడ్డు చివర రేకుల ఇంట్లో ఉండే ట్రావిస్, అతని పెళ్ళాం షెల్బీ పరిగెత్తుకొచ్చారు. షెల్బీ చంకలో చంటివాడు, ట్రావిస్ భుజం మీద ఐదేళ్ళ ఎమ్మీ.

తలుపు తీస్తే లోపల పెట్టెలు. ఇద్దరు నిలబడ్డానికి చోటు లేదు.

డెల్మర్, ట్రావిస్ పెట్టెలు లాగి గడ్డి మీదికి విసరడం మొదలుపెట్టారు. నాలుగు పెట్టెలు బయటికి పోతే ఒక మనిషి లోపలికి దిగినట్టు. ముందు ఒలీటా, తర్వాత ఎర్లీన్, షెల్బీ, పిల్లలు. ఒలీటా అందరికంటే లోపల, గోడ పక్కన ఇరుక్కుని, చంటివాణ్ణి ఎత్తుకుని ఉంది. వాన పెట్టెల మీద దడదడా పడుతోంది. ఆవిడ అలవాటు కొద్దీ అరుస్తూనే ఉంది: "విత్తనం తడిసిపోతోంది డెల్మర్! పట్టా కప్పు! ఒక్క దుంప కుళ్ళినా చూడు నేనేం చేస్తానో!"

తర్వాత ట్రావిస్ దిగాడు. మెట్ల దగ్గర అతని వీపు కనిపించింది. ఆ వీపు అవతల డెల్మర్ గొంతు వినబడింది గానీ ఏమన్నాడో గాలిలో కలిసిపోయింది. అంతలో దభాలున తలుపు పడింది. చీకటి. డెల్మర్ లోపలికి వచ్చాడనే ఒలీటా అనుకుంది. పేరు పెట్టి పిలిచింది, పలకలేదు. మళ్ళీ పిలిచింది. అప్పుడు నెత్తి మీద నుంచి గూడ్సు బండి పోతున్నంత మోత. ఆ తర్వాత ఎంతసేపు పిలిచినా ఏం లాభం?

డెల్మర్ ఎర్లీన్ వాళ్ళ గడ్డిచేనులో, కంచె దగ్గర శవమై దొరికాడు. చేతిలో పట్టా ముక్క ఇంకా ఉందని చెప్పుకున్నారు. ఆ మాట ఒలీటా చెవిన పడకుండా ఎవరో దయ చూపించారు.

సమాధి దగ్గర మట్టి వేశాక ఆవిడ ట్రావిస్ ముందు నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఎందుకు మూశావు?"

ట్రావిస్ తల దించుకున్నాడు. ఒక్క మాట చెప్పలేదు.

అంతే. ఒలీటా లెక్కలో అది నేరం ఒప్పుకోవడమే. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే డెల్మర్ లోపల ఉండేవాడు. వీడు తన పెళ్ళాం పిల్లల్ని చూసుకున్నాడు, తలుపు లాగేశాడు. పత్తి మొలకెత్తే దాకా, మొలకెత్తాక పూత వచ్చే దాకా ఆవిడ ట్రావిస్‌ని మనసారా ద్వేషించింది. దుకాణంలో ఎదురైతే పక్క అరల వరసలోకి మళ్ళిపోయేది. షెల్బీ వచ్చి వరండాలో వంట గిన్నె పెట్టి పోతే, లోపల ఏముందో చూడకుండా పారబోసి, కడిగి అదే చోట పెట్టేది. అందరినీ ఎదురుగా తిట్టే మనిషి ఒక్కణ్ణి మాత్రం తిట్టకుండా వదిలేసిందంటే ఆ కోపం ఎంతటిదో ఊహించుకోండి.

కోపం కూడా ముసలిదవుతుంది. శరత్కాలం వచ్చేసరికి దానికి ఓపిక పోయింది. డెల్మర్ లేడు. పొలం కౌలుకిచ్చేసింది. విత్తనం దుంప ఒక్కటి కూడా ఉంచుకోలేదు. సుడిగాలికి కూలిన సగం ఇల్లు కొత్తగా కట్టారు, ఆ కొత్త గదుల్లో ఆవిడకు నిద్ర పట్టేది కాదు. నేలమాళిగ చలికాలంలో ఖాళీగా ఉండడం డెల్మర్ తండ్రి కాలం తర్వాత అదే మొదటిసారి.

ఈసారి డిసెంబరులోనే కప్పలు కూయడం మొదలుపెట్టాయి. పగలు కోటు అవసరం లేదు. టీవీలో కుర్రాడు పటం ముందు నిలబడి, సముద్రం వేడిగా ఉంది, సుడిగాలుల కాలం ముందే మొదలై గట్టిగా ఉండేలా ఉంది అన్నాడు. దుకాణంలో, చర్చిలో, మంగలి దగ్గర అదే మాట. ఒలీటా కొత్త సంవత్సరం నాడు, ఏడాదంతా కలిసిరావాలని అక్కడ అందరూ తినే బొబ్బర్లు, ఆకుకూర వండుకుని తినేసి, చీపురు తీసుకుని నేలమాళిగలోకి దిగింది. గుడ్ ఫ్రైడే దాకా ఆగలేదు. పాముల్ని తనే చూసుకుంది. తన కుర్చీ వేసింది. డెల్మర్ కుర్చీ తలుపు దగ్గర, ఎప్పుడూ ఉండే చోటే వేసింది. మిగతా చోటంతా ఖాళీగా పెట్టి, తలుపు తెరిచి ఉంచింది.

మర్నాడే ఎర్లీన్ తన కుర్చీ మోయించుకుని వచ్చింది.

"జనవరిలోనే ఊడ్చావటే? జనం పిచ్చిదనుకుంటారు."

"అనుకోనీ. నువ్వెందుకొచ్చావు మరి?"

"పిచ్చిదానికి తోడు ఉండాలి కదా." ఎర్లీన్ కుర్చీలో కూలబడి చుట్టూ చూసింది. "వాళ్ళ కుర్చీలు రాలేదా?"

"ఎవరివి?"

"తెలీనట్టు అడక్కు. ట్రావిస్ వాళ్ళవి."

ఒలీటా చీపురు అందుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

"రావులే," అంది ఎర్లీన్. "పోయిన వసంతంలో సైరన్ మోగినప్పుడల్లా వాళ్ళు ఎక్కడికి పోయారో తెలుసా? ట్రక్కులో పిల్లల్ని వేసుకుని హైవే వంతెన కిందకి. ఏప్రిల్లో రెండుసార్లు పోయారు. నా కళ్ళతో చూశాను."

"వంతెన కిందకా?" ఒలీటా లేచి నిలబడింది. "వాడికి మతి ఉందా? వంతెన కింద గాలి ఇంకా గట్టిగా ఈడ్చుకుపోతుందని టీవీలో మొత్తుకుంటారు కదా!"

"మతి ఉంది. నీ గుమ్మం తొక్కే మొహం లేదు. ఆ రెండూ వేరు వేరు సంగతులు."

ఆ మాట ఒలీటా గుండెలో ముల్లులా దిగబడింది. డెల్మర్ చివరి నిమిషాలు ఆ పెట్టెలు మోయడంలోనే పోయాయి. ఆ చోటు ఎవరి కోసం ఖాళీ చేశాడో వాళ్ళు వచ్చి కూర్చోవడం లేదు. ఎమ్మీ కూర్చోవాల్సిన చోట సిమెంటు నేల ఉంది. వాళ్ళు రాకపోతే ఆయన ఎందుకు పోయినట్టు? ఆ రోజు నుంచీ ఆవిడకు ఒకటే ధ్యాస: ఎలాగైనా ఆ పిల్లలు మళ్ళీ ఈ మెట్లు దిగాలి. పిలవాలని రెండుసార్లు రోడ్డు చివరి దాకా నడిచింది కూడా. రెండుసార్లూ నోరు పెగల్లేదు. అంత నోరున్న మనిషికి!

ఫిబ్రవరి మధ్యలో ఒక మధ్యాహ్నం మళ్ళీ అదే ఉక్కపోత. అదే పచ్చటి ఆకాశం. కౌంటీ మొత్తానికీ హెచ్చరిక అని ఫోన్లు మోగాయి, వెంటనే సైరన్ అందుకుంది. ఎర్లీన్ అప్పటికే నేలమాళిగ మెట్ల మీద ఉంది. ఒలీటా దిగబోతూ రోడ్డు వైపు చూసింది. ట్రావిస్ ట్రక్కు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. హైవే వైపు.

ఆవిడ పరిగెత్తింది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో పరిగెత్తిందంటే నమ్మండి. రోడ్డు మధ్య చేతులు చాపి నిలబడింది. ట్రక్కు కీచుమని ఆమెకు మూరెడు దూరంలో ఆగింది.

"మిస్ ఒలీటా! పక్కకి తప్పుకోండమ్మా, టైము లేదు!" ట్రావిస్ కిటికీలోంచి అరిచాడు.

"తప్పుకోను. తొక్కించి పో."

"అమ్మా, దయచేసి..."

"ఏమిట్రా దయ! ఆ మనిషి పెట్టె తర్వాత పెట్టె మోసి చోటు చేసింది నీ ముఖం చూసి అనుకున్నావా? ఆ పిల్లల్ని చూసి! ఆ చోటు ఖాళీగా పెట్టి నువ్వు వంతెన కింద కూర్చుంటావా? దిగు! షెల్బీ, ముందు పిల్లల్ని దించు. నీ మొగుడికి సిగ్గుంటే ఉండనీ, పిల్లలకెందుకు సిగ్గు?"

షెల్బీ అప్పటికే తలుపు తీసింది. ఎమ్మీ గెంతి ఒలీటా చెయ్యి పట్టుకుంది. వానచుక్కలు లావుగా పడుతున్నాయి. అందరూ పెరటి వైపు పరుగు తీశారు.

ఎర్లీన్ లోపలి నుంచి అరుస్తోంది. "కబుర్లు తర్వాత చెప్పుకోండి, దిగండర్రా!"

ట్రావిస్ అందరి తర్వాత మెట్ల దగ్గరికి వచ్చాడు. రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. తలుపు గొలుసు అతని తల దగ్గర వేలాడుతోంది. దాన్ని చూశాడు గానీ చెయ్యి ఎత్తలేదు. ఇనుము అతికే పని చేసే అంత పెద్ద మనిషి, రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు.

"నా వల్ల కాదు," అన్నాడు. "మీరు మూయండి."

ఒలీటా అతని పక్కకు వచ్చి నిలబడింది. "విను. నిన్ను తిట్టుకోలేదని అబద్ధం చెప్పను. ఏడాది పాటు తిట్టుకున్నాను. కానీ ఆ రోజు నువ్వు మూయకపోతే ఈ పిల్లలు ఉండరు, నేనూ ఉండను. మూసింది నువ్వే. ఈ రోజూ నువ్వే మూయాలి. లాగు."

ట్రావిస్ లాగాడు. గడియ పడింది. ఎర్లీన్ లాంతరు వెలిగించింది. ఎమ్మీ సరాసరి పోయి డెల్మర్ కుర్చీలో కూర్చుంది. షెల్బీ గాభరాగా లేపబోతే ఒలీటా వద్దని చెయ్యి ఊపింది.

పైన గాలి ఈల వేస్తోంది. అప్పుడు షెల్బీ మొగుడి వైపు తిరిగి మెల్లగా అంది, "ఇకనైనా చెప్పు ట్రావిస్."

"వద్దు."

"ఏడాది నుంచి మోస్తున్నావు. నాకు చూడ్డం వల్ల కావట్లేదు."

"షెల్బీ, వద్దన్నానా!"

"ఏమిటది?" అంది ఒలీటా. "ఏమిటని అడుగుతున్నాను."

ట్రావిస్ నేల వంక చూస్తూ మాట్లాడాడు. "ఆయన దిగడానికి చోటు ఉందమ్మా. కాలు మెట్టు మీద పెట్టాడు కూడా. నేను చెయ్యి పట్టుకున్నాను. సుడి అప్పటికి పొలం అవతలే ఉంది. అప్పుడు మీరు... మీరు లోపలి నుంచి అరుస్తున్నారు."

ఒలీటా వెంటనే అందుకుంది. "పట్టా," అంది.

"ఊ. 'ఒక్క నిమిషం అబ్బాయ్, విత్తనం తడిస్తే మా ఆవిడ ఊరుకోదు' అన్నాడు. చెయ్యి విడిపించుకుని పోయాడు. పట్టా ఒక కొస పెట్టెకి కట్టాడు, రెండో కొస గాలికి లేచిపోయింది, దాన్ని పట్టుకోడానికి పోయాడు. సుడి కంచె దాటేసింది. నా వైపు చూసి మూసెయ్యమని చెయ్యి ఊపాడు. నేను మూశాను."

ఏడాది పాటు రోడ్డంతా అతన్ని ఏమనుకుందో ఒలీటాకు తెలుసు. అలా అనుకోవడానికి అందరికంటే ముందు నిలబడింది తనే. సమాధి దగ్గర తను అడిగిన ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉంది. అయినా తల దించుకుని నేరం తన నెత్తిన వేసుకున్నాడు, ఆవిడ నెత్తిన పడకుండా.

ఒలీటా గోడకు చేరగిలబడి కిందికి జారి, చెమ్మ నేల మీద కూర్చుంది. తను అన్న మాటలు తనకే వినిపిస్తున్నాయి. ఒక్క దుంప కుళ్ళినా చూడు. ఒక్క దుంప. ఆ దుంపలన్నీ తర్వాత ఎటు పోయాయో కూడా ఎవరికీ తెలియదు.

"మిస్ ఒలీటా," ట్రావిస్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నేను చెప్పకూడదమ్మా. ఈ మాట నాతోనే పోవాల్సింది."

ఆవిడ అతని చొక్కా పట్టుకుంది. కొడుతుందేమోనని షెల్బీ ముందుకు వచ్చింది. కొట్టలేదు.

"ఆ మాట అన్నప్పుడు," అంది ఒలీటా, "ఊరుకోదు అన్నప్పుడు... విసుక్కున్నాడా?"

"లేదమ్మా."

"నిజం చెప్పరా. నన్ను తిట్టుకుంటూ పోయాడా?"

"నవ్వాడమ్మా. ఎప్పుడూ నవ్వేలాగే."

"నవ్వాడా?"

"నవ్వాడు."

అప్పుడు ఏడ్చింది ఒలీటా. సమాధి దగ్గర ఏడవని మనిషి, ట్రావిస్ చొక్కా వదలకుండా, పిల్లలు బెదిరిపోయేలా గొంతెత్తి ఏడ్చింది. ఎర్లీన్ కూడా ఈసారి ఏమీ అనలేదు. లాంతరు పట్టుకుని అటు తిరిగింది.

ఆ రోజు సుడిగాలి వాళ్ళ రోడ్డు మీదికి రాలేదు. దక్షిణాన అడవిలో పైన్ చెట్లు విరగ్గొట్టుకుంటూ పోయిందని తర్వాత తెలిసింది. సైరన్ ఆగిపోయాక కూడా చాలాసేపు ఎవరూ తలుపు తీయడానికి లేవలేదు. చివరికి ఎమ్మీ ఆకలేస్తోందంది. ఒలీటా కళ్ళు తుడుచుకుని లేచి, ట్రావిస్‌ని చూసింది.

"రేపు మీ కుర్చీలు తెచ్చి వేసుకో," అంది. తిట్టు ఏదో నోటి దాకా వచ్చినట్టుంది. మింగేసింది.